యోనాకు నీడనిచ్చిన చెట్టు పేరు: జెరోము గురించి ఒక ప్రసంగం

అందరికీ నమస్కారం.

ఇవాళ సెప్టెంబరు 30. అనువాద దినోత్సవానికి ఈ తేదీ ఎందుకు వచ్చిందంటే, బేత్లెహేములో, బైబిలును లాటిన్‌లోకి తెచ్చిన జెరోము అనే ముసలి సన్యాసి ఈ రోజునే కన్నుమూశాడు. అది 420వ సంవత్సరమని సంప్రదాయం. 419 అనేవాళ్ళూ ఉన్నారు. ఐక్యరాజ్యసమితి ఈ రోజును 2017లో అధికారికంగా గుర్తించింది కానీ, అనువాదం చేసేవాళ్ళు ఆయన్ని తమ ఇంటి పెద్దగా అనుకోవడం అంతకు ముందు నుంచీ ఉంది.

ఆయన పుట్టుక దగ్గర మొదలుపెట్టను. ఒక చెట్టు దగ్గర మొదలుపెడతాను.

మాది పాలమూరు వైపు మెట్ట ఊరు. మా నాయనమ్మకు చూపు తగ్గాక ఆదివారం మధ్యాహ్నాలు నాతో బైబిలు చదివించుకునేది. ఒకసారి యోనా గ్రంథం నాలుగో అధ్యాయం వచ్చింది. నీనెవె పట్టణం బయట యోనా ఎండలో అలిగి కూర్చుంటాడు. దేవుడు అతని తలకు నీడగా ఒక సొరచెట్టు మొలిపిస్తాడు. మర్నాడు దాన్ని పురుగు తొలిస్తే అది వాడిపోతుంది. నేను చదవడం ఆపి, "నాయనమ్మా, సొర పాదు గదా, చెట్టు ఎట్లయితది?" అని అడిగాను. "దేవుడు మొలిపించిందిరా అది. ఆయన తలుచుకుంటే పాదు కూడా చెట్టయితది, నువ్వు చదువు" అంది. ఆ జవాబు నాకు చాలా ఏళ్ళు సరిపోయింది.

తర్వాత ఎప్పుడో అనువాదాల పనిలో పడ్డాక తెలిసింది, సరిగ్గా ఆ చెట్టు గురించే ఒక చర్చిలో పెద్ద గొడవ జరిగిందని. ఉత్తర ఆఫ్రికాలో ఓయా అనే ఊరు, ఇప్పటి లిబియాలోని ట్రిపోలీ. అక్కడి బిషప్పు ఒకసారి యోనా కథను కొత్త లాటిన్ అనువాదంలోంచి చదివించాడు. పాత లాటిన్ బైబిల్లో ఆ మొక్క సొర. కొత్తదాంట్లో ఐవీ తీగ అని వచ్చింది. జనం లేచారు. తాతల కాలం నుంచి చెవుల్లో నిలిచిపోయిన, నోటికొచ్చిన మాటను మార్చడానికి నువ్వెవరు అన్నారు. బిషప్పు ఆ ఊళ్ళోని యూదుల దగ్గరికి వెళ్ళి అడిగితే, వాళ్ళు పాత మాటే సరైనదన్నారు. పాపం, ఆయన వెనక్కి తగ్గకపోతే ఆ చర్చిలో ఒక్కరు కూడా మిగిలేవారు కాదు. ఈ సంగతంతా హిప్పో నగర బిషప్పు అగస్టీను 403లో ఒక ఉత్తరంలో రాశాడు. ఆ ఉత్తరం వెళ్ళింది బేత్లెహేముకు, ఆ కొత్త అనువాదం చేసిన జెరోముకు.

జెరోము జవాబు చదివితే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. మూలంలో, అంటే యూదుల భాష హెబ్రీలో, ఉన్న మాట "కీకాయోన్". అది సొరా కాదు, ఐవీ కూడా కాదు అని ఆయనే ఒప్పుకున్నాడు. యోనా గ్రంథం మీద రాసిన వ్యాఖ్యానంలో ఆ మొక్కను వర్ణించాడు కూడా. ఆకులు ద్రాక్షాకుల్లా వెడల్పుగా ఉంటాయి, నీడ చిక్కగా ఉంటుంది, పందిరి ఊతం అక్కర్లేకుండా తన కాండం మీద తనే నిలబడుతుంది, పాలస్తీనా ఇసుక నేలల్లో గింజ వేస్తే కొద్ది రోజులకే పొదలా లేస్తుంది. పాలమూరులో పుట్టినవాడికి ఇది చదివాక ఇంకేం చెప్పాలండీ? ఆముదం చెట్టు! ఇవాళ చాలామంది పండితులు కూడా ఆ మాటే అంటున్నారు, కాదనేవాళ్ళు కొందరున్నా.

మరి తెలిసీ ఐవీ అని ఎందుకు పెట్టాడు? లాటిన్‌లో ఆ మొక్కకు సరైన పేరు దొరకలేదట. హెబ్రీ మాటనే అలాగే ఉంచితే ఎవరికీ అర్థం కాదు. సొర అంటే మూలంలో లేనిదాన్ని చెప్పినట్టవుతుంది. అందుకని తనకు ముందు గ్రీకులోకి తెచ్చిన అనువాదకులు కొందరు ఐవీ అన్నారు కాబట్టి వాళ్ళతో పాటు వెళ్ళాడు. ఒక్క మొక్క పేరు కోసం ఇన్ని ఆలోచనలు. అనువాదం పని లోపల నుంచి చూస్తే ఇలాగే ఉంటుంది. మనకైతే ఆ పేరు ఉంది. చెట్లు లేని చోట ఆముదం చెట్టే మహావృక్షం అని సామెత కూడా ఉంది. నీనెవె బయట నెత్తి మాడుతూ కూర్చున్న యోనాకు ఆ సామెత అక్షరాలా నిజం. అయినా మన ఇళ్ళలో ఎక్కువగా చదివే పాత తెలుగు బైబిల్లో ఉన్నది సొరచెట్టే. 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కూడా సొర జాతి మాటే ఉంది. ఓయా ఊరి జనం గెలిచారనే అనుకోవాలి.

సరే, ఇప్పుడు మనిషి గురించి చెప్తాను.

జెరోము సుమారు 347లో స్ట్రిడాన్ అనే ఊళ్ళో పుట్టాడు. డల్మేషియా, పన్నోనియా అనే రెండు రోమన్ రాష్ట్రాల సరిహద్దు అది. ఆ ఊరు ఆయన బతికుండగానే దాడుల్లో నాశనమైంది, సరిగ్గా ఎక్కడుండేదో ఇవాళ ఎవరూ చూపించలేరు. తండ్రికి కాస్త ఆస్తి ఉండటంతో పిల్లవాణ్ణి చదువుకు రోమా నగరం పంపాడు. అక్కడ డొనాటస్ అనే పేరుమోసిన వ్యాకరణ పండితుడి దగ్గర చేరాడు. లాటిన్ కవి వర్జిల్, వక్త సిసిరో నోటికొచ్చేశారు. ఆదివారాల్లో స్నేహితులతో కలిసి నేలమాళిగల్లో ఉన్న హతసాక్షుల సమాధులు చూడటానికి వెళ్ళేవాడట. ఆ చీకటిని వర్ణించాల్సి వచ్చినప్పుడు కూడా ఆయనకు గుర్తొచ్చింది వర్జిల్ పద్యమే. అంత సాహిత్యం పిచ్చి.

ఆ పిచ్చే ఒక రాత్రి ఆయన్ని భయపెట్టింది. ముప్ఫై ఏళ్ళు కూడా నిండని వయసులో తూర్పు దేశాలకు బయలుదేరి అంతియొకయలో జబ్బు పడ్డాడు. ఇక బతకడని పక్కనున్నవాళ్ళు అంత్యక్రియల ఏర్పాట్లు కూడా మొదలుపెట్టారు. ఆ జ్వరంలో ఒక కల వచ్చింది. న్యాయపీఠం ముందు నిలబెట్టి, నువ్వెవరివి అని అడిగారు. క్రైస్తవుణ్ణి అన్నాడు. అబద్ధం, నువ్వు సిసిరో మనిషివి, క్రీస్తు మనిషివి కావు అని కొరడాలతో కొట్టించారు. ఇక లౌకిక పుస్తకాలు ముట్టనని ఆ కలలోనే ఒట్టు పెట్టుకున్నాడు. తర్వాత ఆయన రాతల నిండా వర్జిల్, సిసిరో కనిపిస్తూనే ఉంటారు. పాత స్నేహితుడు రూఫినస్ ఈ విషయం పట్టుకుని నిలదీస్తే, కలలో పెట్టుకున్న ఒట్టును లెక్కలోకి తీసుకుంటారా అని తిరిగి కోప్పడ్డాడు. భాష మీద అంత ప్రేమ ఉన్నవాడు దాన్ని వదులుకోలేడు. వదులుకోనందుకు నేను సంతోషిస్తాను. ఆ చెవి లేకపోతే ఆయన అనువాదం వెయ్యేళ్ళు జనం నోట నిలిచేదే కాదు.

కోలుకున్నాక సిరియాలోని కల్కిస్ ఎడారికి వెళ్ళి సన్యాసుల మధ్య ఉన్నాడు. అక్కడే హెబ్రీ మొదలుపెట్టాడు. నాకు ఆయన జీవితంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. కొంచెం నిదానంగా చెప్తాను.

అప్పటి లాటిన్ క్రైస్తవుల్లో హెబ్రీ వచ్చినవాళ్ళు దాదాపు లేరు. అవసరం లేదనుకునేవారు. పాత నిబంధనకు గ్రీకులో సెప్టువాజింట్ అనే అనువాదం ఉంది. డెబ్బైమంది పెద్దలు దైవప్రేరణతో చేశారని దానికి పేరు. లాటిన్ బైబిళ్ళు దాని నుంచి తెచ్చినవే. అలాంటప్పుడు మంచి లాటిన్ వచ్చిన ఒక యువకుడు, యూద మతం నుంచి క్రైస్తవంలోకి వచ్చిన ఒక సోదరుడి ముందు కూర్చుని అక్షరాలు దిద్దాడు. చాలా ఏళ్ళ తర్వాత ఒక కుర్ర సన్యాసికి రాసిన ఉత్తరంలో ఆ రోజులు తలుచుకున్నాడు. సిసిరో ప్రవాహంలాంటి మాటలకు అలవాటు పడ్డ తనకు ఆ భాష బుసకొడుతున్నట్టు, ఆయాసపడుతున్నట్టు వినిపించిందట. ఎన్నిసార్లు ఆశ వదులుకున్నానో, ఎన్నిసార్లు ఆపేశానో, నేర్చుకోవాలన్న పట్టుదలతో ఎన్నిసార్లు మళ్ళీ మొదలుపెట్టానో నాకు తెలుసు, నాతో ఉన్నవాళ్ళకు తెలుసు అన్నాడు. ఆ చేదు విత్తనం నుంచి ఇప్పుడు తీపి పండ్లు కోసుకుంటున్నాను అని కూడా అన్నాడు.

ఈ గదిలో పెద్ద వయసులో ఇంకో భాష నేర్చుకున్నవాళ్ళు ఉంటే, ఆ "ఆపేశాను, మళ్ళీ మొదలుపెట్టాను" అన్న మాట దగ్గర మనసు ఆగుతుంది. నేను ముప్ఫై ఏడేళ్ళకు కన్నడ లిపి దిద్దాను. పక్కింటి భాషకే అంత టెన్షన్ పడ్డాను. ఈయన ఏ నిఘంటువూ లేకుండా, వ్యాకరణ పుస్తకం లేకుండా, అచ్చులు రాయని ప్రతుల నుంచి నేర్చుకున్నాడు. హెబ్రీ రాతలో అప్పటికి అచ్చు గుర్తులు పెట్టడం రాలేదు. హల్లులు చూసి, గురువు నోట విని, ఏది ఏ మాటో పట్టుకోవాలి.

దీనివల్ల పొరపాట్లూ వచ్చాయి. నిర్గమకాండం 34లో మోషే సీనాయి కొండ దిగి వస్తుంటే ముఖ చర్మం ప్రకాశించింది అని మన బైబిల్లో ఉంటుంది. అక్కడి హెబ్రీ క్రియకూ, కొమ్ము అనే మాటకూ హల్లులు ఒకటే. జెరోము కొమ్ములున్న ముఖం అని రాశాడు. అందుకే వెయ్యేళ్ళ తర్వాత మైకెలాంజిలో చెక్కిన మోషే విగ్రహానికి తల మీద రెండు కొమ్ములు ఉంటాయి. రోమాలో ఆ విగ్రహం ఇప్పటికీ ఉంది. అయితే జెరోముకు వెలుగు అనే అర్థం తెలియదని చెప్పలేం. గ్రీకులో మహిమ అని ఉందని ఆయనకు బాగా తెలుసు. కొమ్ము బలానికి, మహిమకు గుర్తు కాబట్టి మూలంలో ఉన్న బొమ్మను అలాగే ఉంచాలనుకున్నాడని నా నమ్మకం.

382లో రోమాకు తిరిగొచ్చి పోపు దమాసుకు కార్యదర్శిలా పనిచేశాడు. అప్పటి లాటిన్ సువార్తల పరిస్థితి ఘోరం. ఎన్ని ప్రతులో దాదాపు అన్ని పాఠాలు అని జెరోమే రాశాడు. గ్రీకు మూలంతో పోల్చి సరిచెయ్యమని పోపు అడిగాడు. ఆ పని పూర్తిచేసి రాసిన ముందుమాటలో ముందే ఊహించాడు: చదువుకున్నవాడైనా చదువురానివాడైనా పుస్తకం చేతికి తీసుకుని, ఒకసారి నోటికి పట్టిన రుచికి ఇది వేరుగా ఉందని తెలియగానే నన్ను దొంగ రాతగాడు అని అరవకుండా ఉంటాడా అని. ఇరవై ఏళ్ళ తర్వాత ఓయాలో అదే జరిగింది.

రోమాలోనే ఆయనకు పౌలా పరిచయమైంది. చాలా పెద్ద వంశం, భర్త పోయాడు, ఐదుగురు పిల్లలు. మర్సెల్లా అనే మరో విధవరాలి ఇంట్లో స్త్రీలు కొందరు కలిసి లేఖనాలు చదివేవారు. వాళ్ళు జెరోమును ప్రశ్నలతో విసిగించేవారు, ఆ రోజుల్లో ఆయన రాసిన ఉత్తరాల్లో చాలా వాళ్ళ ప్రశ్నలకు జవాబులే. కానీ ఆయన నేర్పిన కఠిన ఉపవాసాల తర్వాత పౌలా కూతురు బ్లెసిల్లా 384లో చనిపోయింది. ఇరవై ఏళ్ళ పిల్ల. అంత్యక్రియల్లో తల్లి స్పృహ తప్పింది. ఈ సన్యాసులను ఊరి నుంచి ఎప్పుడు తరుముతారు అని జనం గొణిగారు. జెరోము ఆ తల్లికి రాసిన ఓదార్పు ఉత్తరంలో ఎక్కువ ఏడవద్దని మందలించాడు. అది చదివి నేను ఆయన్ని క్షమించలేకపోయాను, ఇప్పటికీ అంతే. అదే సంవత్సరం చివర్లో దమాసు చనిపోయాడు. జెరోము నోటి దురుసుతనం వల్ల శత్రువులు చాలామంది ఉన్నారు, తనను విమర్శించినవాళ్ళను రెండు కాళ్ళ గాడిదలు అన్న మనిషి. 385లో రోమా వదిలి వెళ్ళిపోవాల్సి వచ్చింది.

పౌలా, ఇంకో కూతురు యూస్టోకియం కూడా బయలుదేరారు. 386లో బేత్లెహేములో స్థిరపడ్డారు. పౌలా తన డబ్బుతో మఠాలు కట్టించింది, యాత్రికులకు సత్రం కట్టించింది. మరియ యోసేపులకు ఆ ఊళ్ళో చోటు దొరకలేదు కదా, అందుకని దారి పక్కన ఆ సత్రం. ఆమె హెబ్రీ నేర్చుకుని, లాటిన్ యాస రాకుండా కీర్తనలు పాడేదని జెరోము ఆశ్చర్యపోయి రాశాడు. ఆయన పుస్తకాలకు, రాయసగాళ్ళకు, తిండికి ఖర్చు పెట్టింది ఆమే. 404లో ఆమె పోయేనాటికి కూతురికి మిగిలింది అప్పులు. జెరోము అనువాదాల ముందుమాటల్లో చాలా చోట్ల పౌలా, యూస్టోకియంల పేర్లు ఉంటాయి. ఆడవాళ్ళకు పుస్తకాలు అంకితమివ్వడమేమిటని వెక్కిరించినవాళ్ళకు బైబిల్లోని స్త్రీ ప్రవక్తలు దెబోరాను, హుల్దాను గుర్తుచేసి నోరు మూయించాడు.

అక్కడే, సుమారు 390 నుంచి 405 దాకా, హెబ్రీ నుంచి పాత నిబంధన అంతా లాటిన్‌లోకి తెచ్చాడు. ఓరిజెను అనే పండితుడు అంతకు నూటయాభై ఏళ్ళ ముందు హెబ్రీ పాఠాన్ని, గ్రీకు అనువాదాలను పక్కపక్కనే ఆరు వరుసల్లో రాయించిన మహా గ్రంథం కైసరయలో ఉండేది. దాన్ని చూసుకున్నాడు. యూదు గురువుల దగ్గర చదివాడు. వాళ్ళలో బరనీనా అనే ఆయన తనవాళ్ళకు భయపడి రాత్రిపూట వచ్చేవాడట. తోబీతు గ్రంథం అరమేయికులో దొరికింది, ఆ భాష జెరోముకు అంత బాగా రాదు. రెండు భాషలూ వచ్చిన ఒకాయన్ని పిలిచి, ఆయన హెబ్రీలో చెప్తుంటే తాను లాటిన్‌లో చెప్పి రాయసగాడితో రాయించాడు. ఒక్క రోజులో పుస్తకం పూర్తి.

ఆ రెండు భాషలు తెలిసినాయన పేరు జెరోము రాయలేదు. ఇది నన్ను బాధపెడుతుంది. ఇంకా బాధ ఏమిటంటే, ఎవరి దగ్గర కూర్చుని నేర్చుకున్నాడో ఆ యూదుల గురించి ఆయన వ్యాఖ్యానాల్లో చాలా చులకన మాటలు, ద్వేషం మాటలు ఉన్నాయి. పెద్దవాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు ఇవి దాటెయ్యకూడదు. మన దగ్గర కూడా బైబిలు తెలుగులోకి వచ్చిన కథ చెప్పేటప్పుడు 1805లో విశాఖపట్నం వచ్చిన క్రాన్, డెస్ గ్రాంజస్ దొరల పేర్లు చెప్తాం. వాళ్ళ పక్కన కూర్చుని తెలుగు చేసిన ఆనందరాయర్ పేరు ఎంతమందికి తెలుసు? వాళ్ళ సువార్తలు 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యాయి. ఆ తెలుగు వాక్యం నడకలో ఆయన చెవి ఉంది.

అనువాదం ఎలా చెయ్యాలన్న దాని మీద జెరోము మాట ఒకటి అందరూ చెప్తుంటారు: మాటకు మాట కాకుండా భావానికి భావం. ఆ మాట రాసిన సందర్భం కూడా తెలుసుకోవాలి. ఒక బిషప్పు ఉత్తరాన్ని గ్రీకు రాని స్నేహితుడి కోసం త్వరగా లాటిన్‌లోకి చెప్పి రాయించాడు. ఆ కాగితాలను ఎవరో దొంగిలించి, తప్పుల అనువాదం అని ప్రచారం చేశారు. తన వైపు వాదన వినిపిస్తూ పమ్మాకియస్ అనే మిత్రుడికి రాసిన ఉత్తరం అది. అందులోనే, పరిశుద్ధ లేఖనాలు తప్ప అని మినహాయింపు పెట్టాడు, అక్కడ మాటల వరుసలో కూడా మర్మం ఉంటుందన్నాడు. ఈ రెండో సగం వదిలేసి మొదటి సగమే చెప్పుకుంటే ఆయనకు అన్యాయం. నిజానికి ఆయన బైబిలు తీసి చూస్తే ఒకచోట అక్షరం పట్టుకుని నడుస్తాడు, ఇంకోచోట లాటిన్ వాక్యానికి హాయిగా దారి వదులుతాడు.

అగస్టీనుకు ఆయన పని మీద గౌరవం ఉంది, భయమూ ఉంది. గ్రీకు నుంచి చేస్తే తప్పుంటే ఎవరైనా సరిచూడగలరు, హెబ్రీ నుంచి చేస్తే నిన్ను తప్పని చెప్పేదెవరు, ఒప్పని చెప్పేదెవరు అని అడిగాడు. గ్రీకు సంఘాలకూ మనకూ మధ్య గోడ లేస్తుందన్నాడు. చిన్న ప్రశ్నలు కావివి. జెరోము మాత్రం హెబ్రీ సత్యం అనే మాట పట్టుకుని కదల్లేదు.

జనం ఎక్కడ ఒప్పుకున్నారు, ఎక్కడ ఒప్పుకోలేదు అని చూస్తే ముచ్చటేస్తుంది. కీర్తనల గ్రంథాన్ని ముందు గ్రీకు ఆధారంగా సరిచేశాడు, తర్వాత హెబ్రీ నుంచి కొత్తగా చేశాడు. లాటిన్ బైబిల్లో నిలిచింది గ్రీకు ఆధారంగా చేసినదే. ఎందుకంటే రోజూ పాడుకునే పాటల్లో మాట మారితే గొంతు ఒప్పుకోదు. హెబ్రీ బైబిల్లో లేని తోబీతు, యూదితు, మక్కబీయులు లాంటివాటిని విడిగా ఉంచాలన్నాడు, సంఘం వినలేదు, చదువుతూనే ఉంది. పదకొండు వందల ఏళ్ళ తర్వాత ప్రొటెస్టంటు సంస్కరణవాదులు జెరోము ముందుమాటనే చూపించి వాటిని పక్కన పెట్టారు. మీలో కొందరి ఇళ్ళలో బైబిలంటే 66 పుస్తకాలు, కథోలిక్కుల ఇళ్ళలో 73. ఆ తేడా వెనక బేత్లెహేములో కూర్చుని ఈయన రాసిన ముందుమాట ఉంది.

ఆయన లాటిన్ బైబిలును ఇవాళ పిలిచే వల్గేటు అన్న పేరు కూడా ఆయన పెట్టింది కాదు, చాలా తర్వాత వచ్చింది. 8వ శతాబ్దం మొదట్లో ఇంగ్లండు సన్యాసులు రాసిన ప్రతి ఒకటి ఫ్లారెన్సులో ఉంది, ముప్ఫై నాలుగు కిలోల పైన బరువు. 1455 ప్రాంతంలో గూటెన్‌బర్గ్ అచ్చువేసిన బైబిలు ఇదే. 1546లో కథోలిక్కుల ట్రెంట్ మహాసభ దీన్ని ప్రామాణికమని ప్రకటించింది. ఒకప్పుడు దొంగ రాత అనిపించుకున్నది, మార్చడానికి వీల్లేని పాత పాఠమైంది. ఆ తర్వాత దీన్ని సరిచేద్దామన్నవాళ్ళను జనం ఏమన్నారో మీరు ఊహించుకోవచ్చు.

బొమ్మల్లో ఆయన పక్కన సింహం ఉంటుంది. ఆ కథ గెరాసిము అనే ఇంకో సన్యాసిది, పేర్ల పోలిక వల్ల ఈయనకు అంటుకుంది. కార్డినళ్ళు పెట్టుకునే ఎర్ర టోపీ కూడా తర్వాతి చిత్రకారులు పెట్టిందే.

చివరి పదేళ్ళు కష్టంగా గడిచాయి. 410లో గోత్ తెగవాళ్ళు రోమాను కొల్లగొట్టారు. వాళ్ళు కొట్టిన దెబ్బల తర్వాత మర్సెల్లా కొద్ది రోజులకే చనిపోయింది. ఒక్క నగరంతో లోకమంతా నశించిందని రాశాడు. పనిచేద్దామని కూర్చుంటే రోమా నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులు గుమ్మంలో ఉండేవారు, ఒకప్పటి ధనవంతులు అన్నానికి చెయ్యి చాపుతున్నారు. యెహెజ్కేలు వ్యాఖ్యానం పక్కన పెట్టి వాళ్ళను చూసుకున్నాడు. 416లో ఒక మూక మఠాల మీద పడి నిప్పు పెట్టింది, డీకను అనే చర్చి సేవకుడొకడు చనిపోయాడు. తర్వాత యూస్టోకియం కూడా పోయింది.

కళ్ళు మసకబారి, రాత్రి దీపం వెలుగులో హెబ్రీ అక్షరాలు అసలు కనిపించేవి కావు. గ్రీకు వ్యాఖ్యానాలను సోదరులు చదివి వినిపిస్తుంటే, ఆయన చెప్తుండేవాడు, రాయసగాళ్ళు రాస్తుండేవారు. ఆఖరున చేపట్టింది యిర్మీయా గ్రంథం. 32వ అధ్యాయం దాకా వచ్చి అక్కడ ఆగిపోయింది.